వెనక నడిచేవాళ్లకి విశ్రాంతి ఎక్కడ?

ప్రశ్న: నేను రాజమండ్రిలో ఉంటాను. లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. వయసు 62. మేం అయిదుగురం కాలేజీ రోజుల నుంచి స్నేహితులం. ఇప్పటికీ ‘ఏరా’ అంటే ‘ఏరా’ అనుకుంటాం. ఆరేళ్లుగా ప్రతి ఆదివారం తెల్లవారుజామున బళ్ల మీద ధవళేశ్వరం బ్యారేజీ దాటి ఆత్రేయపురం వెళ్తాం. అక్కడ బళ్లు ఆపి, కాలువ గట్టు వెంట లొల్ల లాకుల వైపు నడుస్తాం. దారిలో టీ, బోలెడు కబుర్లు. వారమంతా ఆ రోజు కోసమే ఎదురుచూస్తాం.

ఈ మధ్య ఒక చిక్కు వచ్చింది. మాలో మూర్తికి (పేరు మార్చాను) మోకాలు అరిగింది. బాగా నెమ్మదించాడు. రాజుకు (ఇదీ మార్చిన పేరే) నిరుడు షుగర్ బయటపడింది. డాక్టరు వేగంగా నడవమన్నారు. అప్పటి నుంచి చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ పెట్టుకుని, పది వేలు పూర్తి కాకపోతే ఊరుకోవడం లేదు. ‘మూర్తి కోసం ఆగుతూ పోతే నా ఆరోగ్యం ఏం కాను’ అంటాడు. పోయిన నెల మూర్తి లేకుండా వాట్సాప్‌లో ఇంకో గ్రూపు పెట్టాడు. మిగతా ఇద్దరూ చేరారు. కాదనలేక నేనూ చేరాను. రెండు వారాలుగా మూర్తి ‘ఊళ్లో పనుంది, మీరు వెళ్లండి’ అంటున్నాడు. అతనికి విషయం తెలిసిందో లేదో నాకు తెలియదు. ఇద్దరిలో ఎవరిదీ తప్పనలేను. ఎవరినీ నొప్పించకుండా ఈ నడక సాగేదెలా? – ఒక పాఠకుడు, రాజమండ్రి

సమాధానం: మాస్టారూ, మూర్తి గారికి తెలిసిపోయింది. ఆరేళ్లు ఆదివారం తప్పని మనిషి వరసగా రెండు వారాలు పనుందన్నాడంటే, ఆ పని ఏమిటో మీకూ తెలుసు. తెలుసు కాబట్టే నాకు ఉత్తరం రాశారు.

ముందు ఆయన ఇంటికి వెళ్లండి. ఫోన్ చేయకండి. ఫోన్లో అయితే ‘అబ్బే, అదేం లేదురా’ అనేసి పెట్టేస్తారు. ఈ వారంలోనే, ఆదివారం రాకముందే, ఒక సాయంత్రం ఒక్కరే వెళ్లి కూర్చోండి. ‘అలాంటి గ్రూపు ఒకటి పెట్టాం, నేనూ అందులో ఉన్నాను, బయటికి వచ్చేశాను’ అని చెప్పండి. ఆ మాట చెప్పాలంటే ముందు నిజంగా బయటికి రావాలి కదా, అది వెళ్లే ముందే చేయండి. రాజు గారి పేరు ఎత్తకండి. మీ వంతు తప్పు మీరు ఒప్పుకుంటే చాలు.

ఎవరిదీ తప్పు కాదన్నారు. మోకాలు అరగడం మూర్తి గారి తప్పు కాదు, షుగర్ రావడం రాజు గారి తప్పు కాదు. అంతవరకూ మీతో ఏకీభవిస్తాను. స్నేహితుడికి తెలియకుండా రెండో గ్రూపు పెట్టడం మాత్రం తప్పే. దాన్ని తప్పని మీలో మీరు అనుకోకపోతే, ఇకముందు మీరు ఎంత చక్కగా సర్దుబాటు చేసినా ఆ నడకలో మునుపటి తేట ఉండదు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ ఒకప్పుడు ఇలాంటి పనే చేశాను. మేం నలుగురు ఆడవాళ్లం. చాలా ఏళ్లు ఊరి చివర చెరువు గట్టు దాటి, తోటల మధ్య నుంచి పక్క ఊరి గుడి దాకా నడిచేవాళ్లం. మాలో ఒకావిడకి ఆయాసం మొదలైంది. మేం ఆమెని వద్దనలేదు. వాట్సాప్ గ్రూపులు లేని రోజులవి, వేరుగా కబురు పెట్టుకోవడం కూడా లేదు. మా పాటికి మేం ముందు నడిచేవాళ్లం, మర్రిచెట్టు కింద ఆగేవాళ్లం, ఆమె రాగానే లేచి మళ్లీ బయల్దేరేవాళ్లం. ఆమె కోసం ఆగుతున్నాం కదా అని మా మనసుకు హాయిగానే ఉండేది. కొన్నాళ్లకి ఆమె రావడం మానేసింది. కోడలికి సాయం చేయాలంది. సరే అనుకున్నాం.

ఒకరోజు ఏదో పని మీద వాళ్లింటికి వెళ్తే, వరండాలో ఆమె నడక బూట్లు కనిపించాయి. శుభ్రంగా కడిగి, లేసులు ఊడదీసి, వాటిని వేరే ఉతికి తీగ మీద ఆరేసింది. ఏమిటని అడిగాను. ‘పనిమనిషికి సరిపోతాయట, ఇచ్చేద్దామని’ అంది. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. కాసేపు ఊరుకుని ఆమే అంది: ‘మీరు చెట్టు కింద ఆగుతారు. అది మీకు విశ్రాంతి. నేను వచ్చేసరికి మీరు లేచి నిలబడతారు. మరి నాకు విశ్రాంతి ఎక్కడ?’

అందరికంటే ఆయాసపడే మనిషికి ఒక్క నిమిషం కూడా కూర్చునే వీలు లేకుండా అన్నాళ్లు నడిపించామన్నమాట. పైగా ఆమె కోసమే ఆగుతున్నామనుకున్నాం. మీ అయిదుగురిలోనూ సరిగ్గా ఇదే జరుగుతూ ఉంటుంది, ఒక్క ఆదివారం గమనించి చూడండి. రాజు గారు లాకుల దగ్గరికి ముందే చేరి పది నిమిషాలు పిట్టగోడ మీద కూర్చుంటారు. మూర్తి గారు వచ్చేసరికి ‘ఎండెక్కుతోంది, పదండ్రా’ అంటారు. అందుకే, మిగతా ఏ సలహా పాటించినా పాటించకపోయినా ఇది పాటించండి. ఆగిన ప్రతిచోటా, అందరికంటే వెనక వచ్చిన మనిషి వచ్చాకే విశ్రాంతి మొదలైనట్టు లెక్క. ఆయన కూర్చోవాలి, నీళ్లు తాగాలి, ‘ఇక వెళ్దామా’ అని ఆయన అనాలి. అప్పుడు లేవండి.

ఇక రాజు గారి సంగతి. ఆయన భయాన్ని తక్కువ చేయకండి. అరవై దాటాక షుగర్ అని తెలిస్తే ఎవరికైనా టెన్షనే. డాక్టరు నడవమంటే నడవాల్సిందే. అయితే ఆ లెక్క ఒక్క ఆదివారంతో తీరేది కాదు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో నడవడం లాంటిది చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే వారంలో అయిదు రోజులు, రోజుకి అరగంట. మోస్తరు వేగం ఏదో తెలుసుకోవడానికి వాచీ కూడా అక్కర్లేదు. మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేనంత వేగంగా ఊపిరి ఆడుతూ ఉండాలి. ఆ నడక సోమవారం నుంచి శుక్రవారం దాకా, గోదావరి గట్టు మీదో వాళ్ల కాలనీ వీధుల్లోనో, ఆయన ఇష్టమొచ్చినంత జోరుగా నడవచ్చు. షుగర్‌కి రోజూ నడవడమే మేలు. మీలో కాళ్లు బాగున్న ఒకరు రోజూ ఆయనతో వెళ్తానని మాటివ్వండి. ఆయన గోడు కూడా ఎవరో ఒకరు పట్టించుకున్నట్టు ఉంటుంది. ఆదివారం మీద పెట్టిన బరువు దానంతటదే దిగిపోతుంది.

పది వేల అడుగుల సంగతి కూడా ఆయనకి చెప్పండి. 1965లో జపాన్‌లో నడుముకు తగిలించుకునే ఒక అడుగుల మీటరు అమ్మకానికి వచ్చింది. దాని పేరు ‘మాన్‌పో కెయ్’. వాళ్ల భాషలో పది వేల అడుగుల మీటరు అని అర్థం. ఆ అంకె పుట్టింది వస్తువు పేరులోనే కానీ వైద్య పరిశోధనలో కాదు. తర్వాత పరిశోధకులు దాని మీద దృష్టి పెట్టారు. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న దాదాపు 17 వేల మంది స్త్రీల మీద ఒక పరిశీలన వచ్చింది. రోజుకు 4,400 అడుగులు వేసేవాళ్లలో కూడా, బాగా తక్కువ నడిచేవాళ్లతో పోలిస్తే, మరణాలు తక్కువ. 7,500 దాటాక అదనంగా కనిపించిన లాభం పెద్దగా లేదు. పది వేలు నడిస్తే చెడని కాదు, నడవగలిగితే మంచిదే. 9,200 దగ్గర ఆగిపోయినందుకు కాలేజీ నాటి స్నేహితుడి మీద విసుక్కునేంత విలువ మాత్రం ఆ అంకెకి లేదు.

ఇంకొక సంగతి ఉంది, ఇది నిజంగా ప్రమాదమైనది. షుగర్‌కి కొన్ని రకాల మాత్రలు వేసుకునేవాళ్లకీ, ఇన్సులిన్ తీసుకునేవాళ్లకీ, పొద్దున్నే ఖాళీ కడుపుతో జోరుగా నడిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి, మాట తడబడుతుంది. నిర్మానుష్యంగా ఉన్న కాలువ గట్టు మీద, ఒక పక్క నిండుగా నీళ్లు, అందరికంటే అర కిలోమీటరు ముందు ఒక్కరే ఉన్న మనిషికి అలా జరిగితే? తన మందుల్లో అలాంటివి ఉన్నాయేమో, నడకకు ముందు ఏమైనా తినాలేమో ఆయన డాక్టరుని అడిగి తెలుసుకోవాలి. జేబులో గ్లూకోజ్ పొడో నాలుగు పంచదార బిళ్లలో ఎప్పుడూ ఉండాలి. అవి ఏ జేబులో ఉన్నాయో మీ నలుగురికీ తెలియాలి. పక్కన మనిషి అవసరం మూర్తి గారికి ఎంత ఉందో రాజు గారికీ అంతే ఉంది. ఈ మాట ఆయనకి మీరు ఏకాంతంలో చెప్పండి, నలుగురి ముందు వద్దు.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి మీకు నచ్చే ఉపాయం ఒకటి చెబుతాను. గట్టు మీద వెళ్లిన దారినే తిరిగి వస్తారు కదా. అందరూ ఒకేసారి బయల్దేరండి, ఎవరి వేగం వారిది. సరిగ్గా నలభై నిమిషాలకి ఎక్కడున్నవాళ్లు అక్కడే వెనక్కి తిరగండి. ఎవరి వేగం వారు నిలబెట్టుకుంటే అందరూ ఒకే నిమిషానికి బళ్ల దగ్గరికి చేరతారు. రాజు గారి అడుగులు ఎక్కువ, మూర్తి గారి అడుగులు తక్కువ, చేరే సమయం మాత్రం ఒకటే. పైగా వెనక్కి తిరిగాక మూర్తి గారే ముందుంటారు! మోకాలు బాగా సలుపుతున్న వారాల్లో ఇది పనికొస్తుంది. ప్రతి వారం మాత్రం వద్దు. ఎవరి దారిన వారు నడిచేదానికి అంత పొద్దున్నే బ్యారేజీ దాటి రావడం దేనికి?

మామూలు ఆదివారాల్లో నా మాట వినండి: మూర్తి గారు ముందు నడవాలి. నెమ్మదిగా నడిచే మనిషి ముందుంటే ఎవరూ ఆయన్ని తరిమినట్టు ఉండదు. వెనక అడుగుల చప్పుడు దూరమైపోతోందన్న దిగులూ ఉండదు. రాజు గారికి కాళ్లు ఆగకపోతే ఒక పావుగంట ముందుకు వెళ్లి, తిరిగొచ్చి మీలో కలుస్తారు, మళ్లీ కలిసి నడుస్తారు. అలా రెండుసార్లు చేస్తే ఆయన వాచీ కూడా శాంతిస్తుంది.

మీరు నడిచే గట్టు గురించి ఒక మాట. 1847లో పని మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొర, కాలువలు పొలాలకి నీళ్ల కోసం మాత్రమే అనుకోలేదు. పడవలు నడవడానికి కూడా తవ్వించాడు. ధాన్యం, కొబ్బరి, కలప అన్నీ ఆ నీళ్ల మీదే వెళ్లేవి. గాలి లేనప్పుడు మనుషులు పడవకి తాడు కట్టి, గట్టు మీద నడుస్తూ లాగేవారు. నిండు పడవ ఎంత వేగంగా కదిలితే వాళ్లదీ అంతే వేగం. ఆ గట్టు మీద నడక పుట్టినప్పుడే నెమ్మది నడక. లాకుల సంగతి మీకు తెలిసిందే. ఎగువ నీళ్లు ఒక ఎత్తున, దిగువ నీళ్లు ఒక ఎత్తున ఉంటాయి. పడవని మధ్య గదిలోకి తీసుకుని, తలుపులు మూసి, నీళ్లు సమంగా అయ్యేదాకా ఆగి, అప్పుడు అవతలి తలుపులు తీసేవారు. ఆ కాసేపు ఎంత తొందరున్న పడవైనా ఆగాల్సిందే. ఈసారి లాకుల దగ్గర కూర్చున్నప్పుడు ఆ రాతి గోడల్ని అయిదుగురూ కాస్త తీరిగ్గా చూడండి.

తీరిక ఉంటే ఆ దారిలో చూడాల్సింది ఎంతుందని! ఆత్రేయపురంలో పొద్దున్నే బోర్లించిన కుండ కింద కొబ్బరి మట్టల మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి ఆ కుండ మీద ఒక్కసారి పరుస్తారు. రెప్పపాటులో రేకు లేస్తుంది. ఉల్లిపొరంత పల్చగా, వెనకనున్న వేళ్లు కనిపించేలా. అది పూతరేకు అవ్వడానికి ఇంకా నెయ్యి, పంచదార కావాలి, రాజు గారికి అది వద్దు. రేకు లేవడం చూడటానికి మాత్రం ఏ పథ్యమూ అడ్డు రాదు. దమ్ము చేస్తున్న ట్రాక్టర్ వెనక బారులు తీరిన తెల్ల కొంగల్ని ఎప్పుడైనా నిలబడి చూశారా? చక్రాలు తిరగేసిన బురదలోంచి పురుగుని ఏరుకుంటూ, ట్రాక్టర్ మలుపు తిరిగితే అవీ వరస చెడకుండా మలుపు తిరుగుతాయి. కరెంటు తీగ మీద లకుముకి పిట్ట నీళ్లలోకి దూకే ముందు తల ఎలా ఆడిస్తుందో చూడాలంటే రెండు నిమిషాలు కదలకుండా ఉండాలి. మూర్తి గారి మోకాలు మీకు ఆ రెండు నిమిషాలు ఇస్తోంది. ఆయన ఆగినప్పుడల్లా ‘పాపం, నొప్పి’ అని చూడకుండా, ఆయన దేన్ని చూస్తున్నారో అటు చూడండి.

ఆయన మోకాలి గురించి కూడా రెండు మాటలు. నేను డాక్టర్ని కాను, ఎముకల డాక్టరు చూసి చెప్పిందే ఆఖరు మాట. అయితే మోకాలు అరిగిందనగానే నడక మానేయాలని మనవాళ్లలో ఒక గట్టి నమ్మకం ఉంది. చాలామంది విషయంలో అది సరికాదు. తగు మాత్రం నడక, తొడ కండరాలకి బలమిచ్చే వ్యాయామం ఈ అరుగుదలకి వైద్యంలో భాగమే. పూర్తిగా కూర్చుండిపోతే ఆ కండరాలు పలచబడి, ఉన్న భారమంతా కీలు మీదే పడుతుంది. ఫిజియోథెరపిస్టుని ఒకసారి కలిస్తే తొడలకి చేయాల్సిన నాలుగు కదలికలు నేర్పిస్తారు. మడమ దగ్గర మెత్తగా ఉండే బూట్లు కావాలి, చెప్పులతో గట్టు ఎక్కడం వద్దు. చేతికర్ర పట్టుకోవడానికి చాలామంది మగవాళ్లు నామోషీ పడతారు. మీ అయిదుగురూ తలా ఒక కర్ర పట్టుకోండి. కోతల రోజుల్లో, పొదల పక్కన, పాముల కోసం ఎలాగూ కర్ర, టార్చిలైటు ఉండాల్సిందే. అందరి చేతిలో కర్ర ఉంటే ఆయనది ముసలి కర్ర అనిపించుకోదు. నడిచిన మర్నాటికి కూడా నొప్పి తగ్గకపోతే ఆ వారం ఎక్కువ నడిచినట్టు, తగ్గించుకోవాలి. మోకాలు వాచినా, వేడిగా ఉన్నా, పట్టేసినట్టు బిగుసుకున్నా నడక ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

కొన్ని వారాలు ఆయన అసలు నడవలేకపోవచ్చు. అప్పుడు కూడా రమ్మనండి. బండి వెనక కూర్చోబెట్టుకుని టీ దుకాణం దాకా తీసుకెళ్లండి, మీరు నడిచి వచ్చేదాకా ఆయన అక్కడ పేపరు చదువుతూ కూర్చుంటారు. మా స్నేహితురాలికి మేం చివరికి చేసింది ఇదే. లేసులు మళ్లీ ఎక్కించుకుని వచ్చింది. మర్రిచెట్టు దాకానే నడిచేది, అక్కడ మాకోసం ఫ్లాస్కులో కాఫీతో కూర్చునేది. వెనక్కి వచ్చేటప్పుడు అందరం కలిసి ఆమె వేగంతో వచ్చేవాళ్లం. అలా ఇంకో ఏడేళ్లు నడిచాం.

వేసవిలో కాలువలు కట్టేసే రోజులొస్తాయి. నీళ్లు లేని కాలువ, పొద్దున్న ఏడింటికే ఎండ, అది ఇద్దరికీ మంచిది కాదు. ఆ నెలన్నర నడక తగ్గించుకుని ఎవరో ఒకరి ఇంటి అరుగు మీద కలవండి. లేదంటే ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి గుడికి వెళ్లి కాసేపు కూర్చుని రండి. కాలువలకి నీళ్లు వదిలాక మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఆదివారం మాత్రం తప్పకూడదు.

వాట్సాప్ గ్రూపు మిగిలింది. రాజు గారితో గొడవ పెట్టుకోకుండా, ‘నేను అందులోంచి వచ్చేశాను, నాకది బాగోలేదురా’ అని ఒక్క మాట అనండి. మిగతా ఇద్దరూ మీలాగే కాదనలేక చేరినవాళ్లని నా అనుమానం. మీరు మొదట బయటికి వస్తే వాళ్లూ వస్తారు. రాజు గారు ఒకటి రెండు రోజులు ముభావంగా ఉంటారేమో. నలభై ఏళ్ల స్నేహం, ఉండనివ్వండి. షుగర్ బయటపడ్డప్పుడు ఆయన్ని ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్లారో, ఎవరు పక్కన కూర్చున్నారో మీరు రాయలేదు. వాళ్లలో మూర్తి గారు కూడా ఉండి ఉంటే, ఆ సంగతి ఆయనకి ఒకసారి గుర్తుచేయండి.

ఆదివారం పొద్దున మూర్తి గారిని బండి మీద మీరే ఎక్కించుకురండి. బయల్దేరే ముందు ఆ వారం ఎంత దూరమో ఆయన్నే అడగండి. లాకుల దాకా అంటే లాకుల దాకా, టీ దుకాణం దాకా అంటే అంతవరకే. రాజు గారి జేబులో పంచదార బిళ్లలు ఉన్నాయో లేదో చూసే పని మూర్తి గారికి అప్పజెప్పండి. తర్వాత ఏమైందో నాకు తప్పకుండా రాయండి, ఎదురుచూస్తుంటాను.